బీజం సరే, బిందువేదీ?

తొమ్మిదో తరగతి పిల్లలకు అర్థప్రకృతులు చెప్పాల్సిన పనిలేదు. పుస్తకంలో లేవు, పరీక్షలో రావు. ఆ పూట నాటకం పాఠం నడుస్తోంది, నాకు ఉత్సాహం ఎక్కువైంది. బోర్డు మీద ఒక వరుసలో బీజం, బిందువు, పతాక, ప్రకరి, కార్యం అని రాశాను. దాని కింద ఇంకో వరుసలో ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. ‘‘కథంటే సేద్యమేరా. విత్తనం వేస్తాం, కాపు చేతికొచ్చేదాకా కాచుకుంటాం. ఎవరైనా ఒక ఉదాహరణ చెప్పండి’’ అన్నాను. వెనక బెంచీలో ఒకడు లేచాడు.

‘‘మాదే ఉండాది మేడం. బీజం ఏసినాము. బిందువు రాలేదు. మా నాయన బెంగుళూరు పోయినాడు.’’

క్లాసులో ఎవరూ నవ్వలేదు. సగం మంది నాయనలు అప్పటికి బెంగుళూరులోనే ఉన్నారు.

పుట్టపర్తి చుట్టుపక్కల ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పాను. బుక్కపట్నం, కొత్తచెరువు, నల్లమాడ, ఓబుళదేవరచెరువు, ఇలా బదిలీల మీద బదిలీలు. ఊళ్ల పేర్లలో ఉన్నన్ని చెరువులు ఊళ్లలో నిండగా నేను చూసింది తక్కువ. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వాన, అదీ పదును చూసి పడదు. శెనక్కాయ ఊడలు దిగే నెలలో మొహం చాటేసి, పంట పీకి కుప్పలేశాక వచ్చి తడుపుతుంది. ఇలాంటి చోట నిలబడి ‘ఫలాగమం’ అని రాసేటప్పుడు సుద్దముక్క కాస్త తడబడాలి. నాకు ఆ పిల్లాడు లేచేదాకా తడబడలేదు. అప్పటి నుంచి నాకొక యావ పట్టుకుంది. వస్తువు, ఇతివృత్తం, పాత్ర, నేపథ్యం, సంఘర్షణ, ముగింపు అని మనం పిల్లలకు నోట్సు చెప్పే మాటలు ఏ దారిన ఈ మెట్టనేల మీదికి వచ్చాయి, వచ్చి ఇక్కడ ఏమయ్యాయి అని.

మొదటి దారి పాతది. ధనంజయుడు పదో శతాబ్దంలో ముంజరాజు కొలువులో దశరూపకం రాశాడు. భరతుడి నాట్యశాస్త్రంలో చెదురుగా ఉన్నదాన్ని పొందిగ్గా సర్దిపెట్టిన పుస్తకం అది. నాటకాల్ని విడదీసి చూడటానికి మూడు కొలతలు: వస్తువు, నేత, రసం. వస్తువుకే ఇతివృత్తమని మరో పేరు. భారత రామాయణాల నుంచి తెచ్చుకుంటే ప్రఖ్యాతం, సొంతంగా అల్లుకుంటే ఉత్పాద్యం, రెండూ కలిస్తే మిశ్రమం. బీజమంటే మొదట కొద్దిగా నాటితే తర్వాత కొమ్మలు వేసేది. కథ తెగిపోతుందనుకున్న చోట మళ్లీ అతికేది బిందువు. నీళ్ల మీద పడ్డ నూనెచుక్క పరుచుకున్నట్టు కథంతా పరుచుకుంటుందని దానికి వ్యాఖ్యానం. పతాక పెద్ద ఉపకథ, రామాయణంలో సుగ్రీవుడిది. ప్రకరి చిన్నది, జటాయువుది. కాలేజీలో ఇవన్నీ బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నదాన్నే. నూనెచుక్క పరుచుకోవాలన్నా కింద నీళ్లుండాలి గదా అన్నది మాత్రం అప్పుడు తోచలేదు.

ఈ మాటల కోసం మేము ముంజరాజు ధారానగరం దాకా పోనక్కర్లేదు. పెనుకొండ మాకు ఒక బస్సు దూరం. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం పాడుబడితే తిరుమలదేవరాయలు పెనుకొండ చేరుకున్నాడు. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది ఆయనకే. ఆ కవిదే ‘కావ్యాలంకార సంగ్రహం’, నరసభూపాలీయమని అందరూ పిలిచే పుస్తకం. నాయకుల రకాలూ రసాలూ అలంకారాలూ తెలుగు పద్యాల్లో, తెలుగులో చదువుకునేవాళ్ల కోసం. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నలుగురు నాయకులు. పిల్లల్ని ఉదాహరణలు అడిగితే ధీరోదాత్తుడు ఎన్టీ రామారావు అనేవాళ్లు. ధీరోద్ధతుడో? అదీ ఎన్టీ రామారావే. రాముడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే అయినప్పుడు వాళ్లను తప్పనడానికి నాకు నోరు రాలేదు. పాత్ర వేరు, పాత్రధారి వేరు అని చెప్పడానికి అంతకంటే మంచి సందు మళ్లీ దొరకలేదు కూడా.

పాత్ర అంటే సంస్కృతంలో గిన్నె. నటుడు గిన్నె, అందులో పోసింది రాముడు. ఈ మాట చెప్పిన రోజు ఒక పిల్ల ‘‘ఐతే కొళాయి కాడ వరసగా పెట్టినవన్నీ పాత్రలేనా మేడం’’ అని అడిగింది. అవునన్నాను. ఆ వారం కొళాయి దగ్గర బిందెల కొట్లాట మీద వాళ్ల చేత చిన్న నాటిక రాయించాను. పాఠ్యప్రణాళికలో లేని పనే. సంఘర్షణ అంటే ఏమిటో మళ్లీ ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

పెనుకొండ మాటెత్తాను గనుక పుట్టపర్తి నారాయణాచార్యుల్ని దాటిపోలేను. ఇంటిపేరు మా ఊరిదే. పుట్టింది 1914లో అనంతపురం దగ్గర చియ్యేడులో. పెనుకొండలో పెరుగుతూ మీసాలు రాని వయసులోనే ‘పెనుగొండ లక్ష్మి’ రాశారు. తర్వాత తిరుపతిలో విద్వాన్ పరీక్షకు కూర్చుంటే పాఠ్యగ్రంథాల్లో తన పెనుగొండ లక్ష్మే ఉంది. కవి తన కావ్యం మీద తనే పరీక్ష రాయాల్సి వచ్చింది. ‘కవి హృదయమును వివరింపుము’ అన్న ప్రశ్న చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

ఇక మా ఊరు. ప్రపంచానికిది 1926లో సత్యసాయిబాబా పుట్టిన ఊరు. విమానాశ్రయం, ఆసుపత్రి, విశ్వవిద్యాలయం, 2022 నుంచి జిల్లా కేంద్రం. అంతకు ముందు చిత్రావతి ఒడ్డున గొల్లపల్లి అని ఊరివాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. ఒక గొల్లవాడి ఆవు మందలోంచి తప్పుకుపోయి ఒక పుట్ట దగ్గర నిలబడేది, పాము వచ్చి పాలు తాగిపోయేది. చూసిన గొల్లవాడు కోపం పట్టలేక బండరాయి ఎత్తి వేశాడు. చస్తూ పాము శపించింది. పశువులు తరిగిపోయాయి, ఊరంతా పుట్టలు పెరిగాయి, గొల్లపల్లి పుట్టపర్తి అయింది. ఆ రాయి ఇదేనని గోపాలస్వామి గుడిలో ఇప్పటికీ చూపిస్తారు, దాని మీద ఎర్రటి చారతో సహా.

ఇ.ఎం. ఫార్‌స్టర్ అనే ఇంగ్లీషు నవలాకారుడు 1927లో నవల మీద ఒక ఉపన్యాసాల పుస్తకం వేశాడు. కథకూ ఇతివృత్తానికీ తేడా చెప్పడానికి ఆయన ఒక రాజునూ రాణినీ చంపుతాడు. ఒకరి తర్వాత ఒకరు పోయారంటే కథ, ఒకరి మీది బెంగతో మరొకరు పోయారంటే ఇతివృత్తం. నేను రాజుల జోలికి పోలేదు. ‘గొల్లపల్లి ఉండేది, తర్వాత పుట్టపర్తి అయింది’ అంటే జరిగింది చెప్పినట్టు. ‘రాయి వేసినందుకు పుట్టపర్తి అయింది’ అంటే అల్లినట్టు. పిల్లలకు ఒక్క నిమిషంలో ఎక్కింది. ఒకడు ఇంకో అడుగు ముందుకేసి ‘‘పాము పాలు తాగితే గొల్లాయనకు కోపం రాదా మేడం? పాముదే తప్పు’’ అన్నాడు. ఎవరి కళ్లతో చూస్తే తప్పు ఎవరిదవుతుందో, దానికీ ఒక పేరుంది, దృష్టికోణం అని. అది చెప్పడానికి ఇంకో రోజు పట్టింది.

ఫార్‌స్టర్ కంటే ముందు మా అవ్వకు ఇదంతా తెలుసు. పేర్లు తెలీవు, అంతే. రాజుగారి ఏడుగురు కొడుకుల కథలో ఏడో చేప ఎందుకు ఎండలేదు? గడ్డి అడ్డమొచ్చింది. గడ్డిని ఆవెందుకు మేయలేదు? జీతగాడు మేపలేదు. వాడికి అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వకు పిల్లోడి ఏడుపు, పిల్లోడిని చీమ కుట్టింది, చీమ పుట్టలో వాడు వేలు పెట్టాడు. ‘ఎందుకు’ తర్వాత ‘ఎందుకు’ వేసుకుంటూ పోయి, మళ్లీ పుట్ట దగ్గరే తేలాం చూడండి. కార్యకారణ సంబంధమన్న బరువైన మాటను ఇంతకంటే తేలిగ్గా చెప్పిన పుస్తకం నాకు కనపడలేదు. అయితే అనంతపురం జిల్లాలో ఒక చేప ఎండలేదంటే నమ్మడం కష్టం. ఇక్కడ ఎండనిది ఏదీ ఉండదు. ఈ మాట అంటే అవ్వ కసిరేది.

కథ చెప్పేటప్పుడు ‘ఊ’ కొట్టకపోతే అవ్వ ఆపేసేది. ఊ కొట్టేవాడు కథలో సగభాగం. బుర్రకథలో ఆ పనికి ఇద్దరు మనుషుల్నే పెట్టారు, కథకుడికి అటొకరు, ఇటొకరు. ఒకరు హాస్యానికి, ఇంకొకరు లోకం పోకడ మాట్లాడటానికి. కథాంగాల జాబితాలో వినేవాడికి చోటు లేదు. ఉండాల్సిందని నా పట్టు. ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అని రామాయణాన్ని మూడు ముక్కల్లో చెప్పేసిన జాతికి, మిగిలిన ఇరవై నాలుగు వేల శ్లోకాలు ఊ కొట్టేవాడి కోసమేనని తెలుసు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. ఇంట్లో మరాఠీ యాస మాట్లాడుకునే కుటుంబాలు, తెర వెనక మాత్రం అచ్చ తెలుగు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. నా చిన్నప్పుడు బొమ్మలాట వస్తే రాత్రి తెల్లవార్లూ. తెర వెనక దీపం, తోలు మీద ఎరుపూ ఆకుపచ్చా నలుపూ, జోరుగా హార్మోనియం. మధ్యలో కథ బరువెక్కగానే కేతిగాడూ బంగారక్కా దూకేవాళ్లు. వాళ్ల బూతులకు మా అమ్మ నా చెవులు మూసేది, తను మాత్రం నవ్వేది. రావణుడి సభలో ఉన్నట్టుండి కేతిగాడు వచ్చి మా ఊరి రెడ్డి పేరెత్తి ఎగతాళి చేసిపోయేవాడు. రెడ్డి మొదటి వరసలో మంచం మీద కూర్చుని ఉండేవాడు. హాస్యపాత్ర ప్రయోజనమేమిటి అన్న మూడు మార్కుల ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఆ మంచం.

నేపథ్యం అన్న మాట కూడా ఈ తెర వెనకదే. నాటకశాస్త్రంలో నేపథ్యమంటే తెర వెనక వేషాలు కట్టుకునే చోటు, ఆ వేషం కూడా. లోపలి నుంచి ఎవరో పలికితే ‘నేపథ్యంలో’ అని రాసేవాళ్లు. ఇప్పుడా మాటను కథ జరిగే స్థలానికీ కాలానికీ వాడుతున్నాం. అంటే మనుషులు ముందు, నేల వెనక అన్నమాట. మా జిల్లా కథల్లో ఇది తిరగబడింది, అక్కడికి వస్తాను.

అంతకుముందు వాన సంగతి. వానలు లేనప్పుడు ఊళ్లో విరాటపర్వం చదివించడం తెలుగునాట పాత ఆచారం. తోలుబొమ్మలాళ్లు వస్తే వాళ్ల చేత విరాటపర్వమే ఆడించేవాళ్లు. పాండవులు ఎక్కడ దాగి ఉంటే అక్కడ సకాలంలో వానలు పడతాయని భారతంలో భీష్ముడు దుర్యోధనుడికి చెబుతాడు, ఆ నమ్మకమే దీనికి మూలమని పెద్దలనేవాళ్లు. ఆలోచిస్తే వింతగా ఉంటుంది. మిగతా చోట్ల కథను వినోదానికో నీతికో చెప్పించుకుంటారు, మా దగ్గర మేఘాల కోసం. ఫలాగమం కథలో ధర్మరాజుకు కాదు, వినే రైతుకు రావాలి. చందాలు వేసుకుని, అన్నం పెట్టి, బొమ్మలాళ్లను రెండు రాత్రులు ఉంచుకున్న ఊరికి మూడో రోజు చినుకు పడిందా లేదా అన్నది కథ బాగా చెప్పారా లేదా అన్నదానికి గీటురాయి. ఏ విమర్శకుడూ అంత కఠినంగా ఉండడు.

పాత లాక్షణికులు నాయకుడి చావు రంగస్థలం మీద చూపకూడదన్నారు. ఫలం అందాలి, అందరూ చల్లగా ఇళ్లకు పోవాలి. కథ కంచికి, మనం ఇంటికి. ఈ కట్టును తెలుగులో మొదట తెంచింది మా పక్క మనుషులేనన్నది నాకు గర్వం, కొంచెం దిగులు కూడా. 1853లో ధర్మవరంలో పుట్టిన రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలు. అక్కడ సరసవినోదినీ సభ పెట్టి, 1887లో చిత్రనళీయంతో మొదలుపెట్టి నాటకాల మీద నాటకాలు ఆడించారు. ఆంధ్ర నాటక పితామహుడన్నారు. ఆయన రాసిందే ‘విషాద సారంగధర’. రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడి మీద సవతితల్లి నింద వేస్తే తండ్రి కాళ్లూ చేతులూ నరికిస్తాడు. జనం చెప్పుకునే కథలో సిద్ధుడొచ్చి అవి మళ్లీ మొలిపిస్తాడు. ఆచార్యులవారు మొలిపించలేదు. పైపెచ్చు, వచ్చినవాళ్లు ఏం చూడబోతున్నారో ముందే తెలియాలన్నట్టు పేరులోనే విషాదాన్ని పెట్టారు. నాకు తెలిసి ఒక సాహిత్య పారిభాషిక పదం గోడ మీద నాటకం కాయితమై అతుక్కోవడం అదే మొదలు.

సంస్కృతంలో భాసుడి ఊరుభంగం లేదా అని పండితులు అడ్డు తగులుతారు. ఉంది. కానీ ఆ నాటకం కేరళ తాళపత్రాల్లోంచి బయటపడి 1912లో గానీ అచ్చు కాలేదు. షేక్‌స్పియర్ మాత్రం బళ్లారి వకీళ్లకు అప్పటికే నోటికొచ్చు. ఆచార్యులవారి మేనల్లుడు, మా తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ, ఆ తర్వాత తెలుగు నటనకే కొత్త పాఠం చెప్పాడు. అది వేరే కథ, దానికి వేరే రోజు కావాలి.

రెండో తెంపు ముసలమ్మది. బుక్కరాయసముద్రం చెరువు అనంతపురాన్ని ఆనుకునే ఉంటుంది. వానలు ముంచెత్తి కట్ట తెగబోతే, బసిరెడ్డి చిన్నకోడలిని బలి ఇస్తేనే నిలుస్తుందని దేవత పలికిందట. ఆ చిన్నకోడలి పేరు ముసలమ్మ. పేరు విని మా పిల్లలు ప్రతిసారీ పండు ముసలినే ఊహించుకునేవాళ్లు. కాదురా, పసిబిడ్డల తల్లి అంటే ముఖాలు మారేవి. పేరు పాత్ర మీద ఎంత పని చేస్తుందో చూపడానికి ఇదొక్కటి చాలు. అనంతపురం స్థానిక చరిత్రను సి.పి. బ్రౌన్ ‘రాజుల యుద్ధాలు’ అన్న పేరుతో 1853లో మద్రాసులో అచ్చు వేయించాడు. అందులోని ఈ చిన్న వృత్తాంతాన్ని చిత్తూరు దగ్గరి కట్టమంచి నుంచి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చదువుకోను పోయిన ఒక కుర్రవాడు పట్టుకున్నాడు. రామలింగారెడ్డి. కాలేజీ తెలుగు సమాజం పెట్టిన పోటీకి ‘ముసలమ్మ మరణం’ రాశాడు, 1900లో పుస్తకమైంది. కథానాయిక రాణి కాదు, దేవకన్య కాదు, కాపుకోడలు. ఇతివృత్తం ప్రఖ్యాతమూ కాదు, ఉత్పాద్యమూ కాదు, పక్క ఊరి చెరువు. చివర్లో ఆమె తిరిగి రాదు. ఆధునిక తెలుగు కవిత్వం ఇక్కడ మొదలైందని కొందరంటారు, గురజాడతో అని కొందరు. నేను ఈ తగాదాలో బుక్కరాయసముద్రం పక్షం. నా బంధువుల ఊరు అని కాదు, సగం అందుకే.

ఆ కుర్రవాడే పెద్దయి 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ రాశాడు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని మూడు వందల ఏళ్లకు పైగా పద్యాలకోసం చదివినవాళ్లకు, ఇందులో కథ అల్లిక చూడండి అని వేలు పెట్టి చూపాడు. నంద్యాల కృష్ణరాజుకు అంకితమైన కావ్యం అది. కథ నడిమధ్య నుంచి మొదలవుతుంది, ముందు జరిగింది తర్వాత తెలుస్తుంది, ఎవరు ఎవరో చివర్లో గానీ విడిపోదు. ఇప్పటి సినిమావాళ్లు ఫ్లాష్‌బ్యాక్ అనేదాన్ని సీమ రాజు ఒకడు పదహారో శతాబ్దంలో అంకితం పుచ్చుకున్నాడు. కావ్యాన్ని ఇలా కథగా చదవచ్చు అన్న చూపు రెడ్డిగారితోనే వచ్చింది. తప్పులు కూడా చేశాడు, ప్రబంధాల్ని మరీ తీసిపారేశాడు. అయినా నోట్సు చెప్పే ప్రతి తెలుగు టీచరూ తెలియకుండానే ఆయనకు బాకీ.

నవల, కథానిక అన్న పేర్ల పుట్టుక త్వరగా చెప్పేస్తాను, అందరికీ తెలిసిందే. దేశాచారాల్ని చూపే వచన కథలు రాయమని గవర్నర్ జనరల్ మేయో కాలంలో ప్రకటన వస్తే, మా పై జిల్లా కర్నూలులో ఉద్యోగం చేసిన నరహరి గోపాలకృష్ణమ శెట్టి 1872లో శ్రీరంగరాజ చరిత్ర వేశారు. దాన్నేమనాలో తెలియక నవీన ప్రబంధమన్నారు. కందుకూరి తన రాజశేఖర చరిత్రను వచన ప్రబంధమన్నారు. దాన్ని సమీక్షిస్తూ కాశీభట్ల బ్రహ్మయ్యశాస్త్రి ‘నవల’ అన్నారు, అది నిలిచింది. కథానిక మాత్రం అగ్నిపురాణం నుంచి దుమ్ము దులిపి తెచ్చుకున్నది. ఆఖ్యాయిక, కథ, ఖండకథ, పరికథ, కథానిక అని అందులో అయిదు. మిగతా నాలుగింటిలో కథ ఒక్కటే ఊళ్లో తిరుగుతోంది, మూడూ నిఘంటువులో పడుకున్నాయి.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు నా చేతిలో ఉన్నవి రెండే. ఒకటి అలంకారశాస్త్రం, దాంతో ఆధునిక కథ అందదు. రెండోది గైడు, దాంతో ఏదీ అందదు. ‘కథాంగాలు ఆరు’ అని గైడు అనేది, పక్క గైడు ఎనిమిదనేది. ఆ కరువు తీర్చింది మదనపల్లె. అనీబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ, 1919లో రవీంద్రుడు జనగణమనను ఇంగ్లీషు చేసుకున్న చోటు. అక్కడ ఇంగ్లీషు పాఠాలు చెప్పిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య తెలుగులో ‘నవలాశిల్పం’ రాశారు, తర్వాత ‘కథాశిల్పం’. రెండోదానికి 1999లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఇంగ్లీషులో చదువుకున్నది తెలుగు కథల మీద పెట్టి చూపించడం ఆయన పద్ధతి. ఉదాహరణలు మనవి, ఊళ్లు మనవి. జిల్లా గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న కాపీని మూడుసార్లు గడువు పొడిగించి, నాలుగోసారి జరిమానా కట్టాను. అయిదోసారి కొనుక్కున్నాను.

ఆ పుస్తకం చేతిలో పెట్టుకుని మా జిల్లా కథలు మళ్లీ చదివాను. విద్వాన్ విశ్వం తరిమెల మనిషి. 1956లో పుస్తకంగా వచ్చిన ‘పెన్నేటి పాట’ పద్యకావ్యమే, కానీ అందులో రంగన్న, గంగమ్మ అనే ఇద్దరు బీదవాళ్లున్నారు, వాళ్ల కథ ఉంది. నీళ్లు లేని ఏరు ఉంది. చదువుతుంటే ఆ ఏరు వెనక తెరలా నిలబడదు, ముందుకొచ్చి ఇద్దరినీ పట్టుకుంటుంది. సింగమనేని నారాయణ రాప్తాడు పక్క బండమీదపల్లెలో పుట్టారు. నాలాగే బడిలో తెలుగు చెప్పారు, ‘సీమ కథలు’ అని సంకలనం కూర్చారు. ఆయన కథ ఒకదాని పేరే ‘జూదం’. 2021లో పోయారు. చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’ రాశారు. బండి నారాయణస్వామి పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురాన్ని ‘శప్తభూమి’ చేసి 2019లో అకాడెమీ అవార్డు తెచ్చుకున్నారు. పుస్తకం పేరులోనే నేల ఉంది, దాని మీద శాపం ఉంది. మా పుట్ట కథ లాగే.

వీళ్ల కథల్లో ప్రతినాయకుడి కోసం పిల్లలు వెతుకుతారు. వడ్డీ వ్యాపారి ఉంటాడు, గ్రామ పెత్తందారు ఉంటాడు, కానీ అసలు వాడు కనిపించడు. కనిపించకపోవడమే వాడి పని, ఎందుకంటే వాడు వాన. నేపథ్యం అన్న గడిలో రాయాల్సినదాన్ని పిల్లలు పాత్రల గడిలో రాసుకొస్తే మొదట్లో కొట్టేసేదాన్ని. ఎర్రసిరాతో కొట్టేసిన ఆ కాయితాలు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఫలాగమం గడి ఖాళీగా వదిలిన కాయితాల సంగతీ అంతే. ధనంజయుడి అయిదు మెట్లలో మా కథలు మూడో మెట్టు మీద, ప్రాప్త్యాశ దగ్గర, ఫలం దక్కుతుందేమో అన్న ఆశ దగ్గర ఆగిపోతాయి. రెండో పంటకు అప్పు పుట్టిందంటే యత్నం మళ్లీ మొదలవుతుంది. పై రెండు మెట్లూ కట్టినవాడికి కాలవ కింద మాగాణి ఉండి ఉంటుంది.

ముసలమ్మ కథ నాకు పుస్తకంలో తెలియలేదు. అవ్వ చెప్పింది. వాన, కట్ట, బసిరెడ్డి ఇల్లు, పసుపు నీళ్లు పోసుకుని బిడ్డను అత్త చేతికిచ్చి వీధిలోకి వచ్చిన కోడలు. వీధి పొడుగునా ఎవరెవరు నిలబడి చూశారో, ఎవరు తల తిప్పుకున్నారో అవ్వ పేరుపేరునా చెప్పేది, పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు. ముసలమ్మ కట్ట ఎక్కేది. అక్కడికి రాగానే ‘‘పడుకోమ్మా, తెల్లారి చెప్తా’’ అనేది. ఎన్నో తెల్లవారాయి, అవ్వ చెప్పలేదు. కట్టమంచివారి కావ్యం తెరిచిన రోజున గానీ ఆమె నీళ్లలోకి దిగడం నేను చూడలేదు.

రిటైరయ్యే ఏడు చివరి నెలలో ‘ముగింపు’ పాఠానికి ఈ కథే ఎత్తుకున్నాను. సుఖాంతం, విషాదాంతం అని బోర్డు మీద రాసి, అవ్వ చెప్పినట్టే చెప్పి, అవ్వ ఆపిన చోటే ఆపాను. ముందు బెంచీ పిల్ల ఒకతె చెయ్యెత్తింది.

‘‘కట్ట నిల్సిందా మేడం?’’

‘‘నిలిచింది.’’

‘‘చెరువులో నీళ్లున్నాయా?’’

‘‘ఆ ఏడు నిండుగా ఉన్నాయి.’’

‘‘మళ్ల ఆ బిడ్డకు పాలెవరిచ్చినారు?’’

కట్టమంచివారు మనసులో మెదిలారు, అవ్వ మెదిలింది. సుద్దముక్క చేతిలోనే ఉంది. బయట ప్యూను గంట కొట్టాడు, పిల్లలు లేచారు, ఆ పిల్ల లేవలేదు.